తరగతిలో పాడ్‌కాస్టులు, ఆడియో ప్లేయర్లు నిజంగా పనికొస్తాయా?

పనికొస్తాయి, కానీ అన్ని పాఠాలకూ కాదు. చెవితో నేర్చుకునేవాటికి బాగా కుదురుతాయి: ఉచ్చారణ, పద్య పఠనం, సంగీతం, చరిత్రలోని ప్రసంగాలు. జ్యామితి మాత్రం బొమ్మ చూడకుండా బుర్రకెక్కదు.

2004లో అమెరికాలోని డ్యూక్ విశ్వవిద్యాలయం మొదటి ఏడాది విద్యార్థులకు ఐపాడ్‌లు అనే చిన్న ఆడియో ప్లేయర్లు ఇచ్చింది. వాళ్లు వాటిని వినడానికే కాక ఇంటర్వ్యూలు, క్షేత్ర పరిశీలనలు రికార్డు చేసుకోవడానికీ వాడుకున్నారు. నన్నడిగితే అసలు లాభం ఈ రెండోదానిలోనే ఉంది. ఉదాహరణకు ‘ల’, ‘ళ’ తేడా పలకలేని పిల్లవాడు టీచరు గొంతు ఒకసారి, తన గొంతు ఒకసారి వెంటవెంటనే వింటే, ఎవరూ చెప్పకుండానే తప్పు పట్టేసుకుంటాడు. నాలుక ఎక్కడ మడవాలో అప్పుడు చూపిస్తే సరిపోతుంది.

వినిపించేటప్పుడు ఐదారు నిమిషాలు దాటనివ్వకండి. గంట ఉపన్యాసం యథాతథంగా పెడితే పెద్దవాళ్లకే కునుకొస్తుంది. మొదలుపెట్టే ముందే బోర్డు మీద ఒక ప్రశ్న రాయండి, దేని కోసం వింటున్నారో తెలుస్తుంది. మొదటిసారి ఆపకుండా వినిపించి, రెండోసారి ముఖ్యమైన చోట ఆపి మాట్లాడించండి.

నెట్ లేకపోయినా ఇబ్బంది లేదు. 64 కేబీపీఎస్ (సెకనుకు 64 కిలోబిట్లు) ఎంపీ3 ఆడియో ఫైలుగా దాస్తే పది నిమిషాల పాఠం 5 ఎంబీ లోపే ఉంటుంది. మామూలు ఫోన్‌లోనో పెన్‌డ్రైవ్‌లోనో వేసి పంచుకోవచ్చు. వినికిడి సమస్య ఉన్న పిల్లలుంటే అదే పాఠాన్ని రాసి కూడా ఇవ్వాలి.