మాస్టారూ, ఒక ప్రశ్న: తుపాకీ కాపలాలో సెక్యులరిజం

ప్రశ్న: మాస్టారూ, నేను డిగ్రీ రెండో సంవత్సరం చదువుతున్నాను. మా కాలేజీలో డిబేట్ పెట్టారు. టర్కీలో మతం పేరు చెప్పి గెలిచిన ప్రభుత్వాలను సైన్యం దించేసి సెక్యులరిజాన్ని కాపాడింది, అందులో తప్పేముందని వాదించాను. ఓడిపోయాను. ఎందుకు ఓడిపోయానో ఎవరూ చెప్పలేదు. నేను చదివింది ఒడియా మీడియం, నా తెలుగులో తప్పులుంటే మన్నించండి.
– ఒక విద్యార్థిని, పర్లాకిమిడి

జవాబు: నీ తెలుగుకేమమ్మా, లక్షణంగా ఉంది. గంజాం, గజపతి జిల్లాల తెలుగుకి బెజవాడ వాళ్ల సర్టిఫికెట్ అక్కర్లేదు. డిబేట్‌లో ఎందుకు ఓడిపోయావో ఆ జడ్జీలకే తెలియాలి. "సైన్యం కాపాడింది" అన్నావు చూడు, నాకు మాత్రం అక్కడ అనుమానం. ఏం కాపాడిందో ఏడాది వారీగా చూద్దాం.

1923లో ముస్తఫా కెమాల్ టర్కీని రిపబ్లిక్ చేశాడు. మరుసటి ఏడాది ఖలీఫా పదవి రద్దయింది. 1928లో ఇస్లాం అధికార మతమన్న మాట రాజ్యాంగంలోంచి తీసేశారు. ఇంతవరకూ నీ పుస్తకంలో ఉండే ఉంటుంది. పుస్తకాలు సాధారణంగా చెప్పని సంగతి ఏమిటంటే, ఆ ప్రభుత్వం మతాన్ని దాని మానాన వదిలెయ్యలేదు, తన గుప్పిట్లోకి తీసుకుంది. 1924లోనే దియానెత్ అని ఒక శాఖ పెట్టారు. మసీదుల్లో ఇమాములు ప్రభుత్వ జీతగాళ్లు. మన దేవాదాయ శాఖ హుండీలూ భూములూ చూసుకుంటుంది. దియానెత్ అంతటితో ఆగదు, శుక్రవారం ప్రసంగంలో ఏం చెప్పాలో కూడా తనే రాసి పంపిస్తుంది. 1932 నుంచి అజాన్ అరబ్బీలో పనికిరాదు, టర్కిష్‌లోనే ఇవ్వాలన్నారు. నమాజుకి వెళ్లేవాళ్లని మాత్రం ఎవరూ అడగలేదు.

1950లో జనాన్ని నిజంగా అడిగారు. స్వేచ్ఛగా ఎన్నికలు జరిగాయి, కెమాల్ పార్టీ ఓడిపోయింది, అద్నాన్ మెండెరెస్ ప్రధాని అయ్యాడు. వచ్చీ రాగానే అరబ్బీ అజాన్ మీద నిషేధం ఎత్తేశాడు. ఆయన కడిగిన ముత్యమని నేననను. పోనుపోను పత్రికల నోరు నొక్కాడు, ప్రతిపక్షం మీద విచారణ సంఘం వేశాడు. అలాంటివాణ్ణి జనం ఓటేసి ఇంటికి పంపాలి. ఆ అవకాశం వాళ్లకి దక్కలేదు. 1960 మే 27న సైన్యం దించేసింది, 1961 సెప్టెంబరులో ఉరితీసింది. ఆ తర్వాత నలభై ఏళ్ల పాటు ఓటర్లు మెండెరెస్ పేరు మరిచిపోలేదు. జనం చేతిలో ఓడిపోవాల్సిన మనిషిని సైన్యం అమరుణ్ణి చేసి కూర్చోబెట్టింది.

నీ వాదన నిలబడనిది 1980 దగ్గర. ఆ ఏడాది సెప్టెంబరు 12న జనరల్ కెనాన్ ఎవ్రెన్ అధికారం చేజిక్కించుకున్నాడు. కెమాల్ ఆశయాల కోసమే వచ్చానన్నాడు. లక్షల మందిని అదుపులోకి తీసుకున్నారు, పార్టీలన్నీ మూసేశారు. 1982లో కొత్త రాజ్యాంగం రాయించాడు. దాని రెండో అధికరణంలో టర్కీ సెక్యులర్ రాజ్యమని ఉంది. ఇరవై నాలుగో అధికరణం తిప్పి చూడు: బళ్లలో మత పాఠాలు తప్పనిసరి! కెమాల్ బొమ్మ వెనకాల పెట్టుకున్న జనరల్ ఈ పని ఎందుకు చేశాడంటావా? అప్పట్లో ఆయనకు భయం మసీదులంటే కాదు, కాలేజీల్లో ఎర్రజెండాలంటే. కుర్రాళ్లు మార్క్సు వైపు పోకుండా ఉండాలంటే కాస్త దైవభక్తి నేర్పితే మంచిదనుకున్నాడు. సభల్లో ఖురాన్ వాక్యాలు కూడా చెప్పేవాడు. కాబట్టి కాపలాదారు ఏం కాపాడతాడన్నది ఆయనకు ఆ పూట ఎవరంటే భయమో దాన్నిబట్టి ఉంటుందమ్మా. కంచే చేను మేస్తే రైతు వెళ్లి ఎవరితో చెప్పుకుంటాడు?

ఇంకో విడ్డూరం విను. చిన్న పార్టీల బెడద ఉండకూడదని ఆ జనరల్స్ హయాంలోనే, దేశం మొత్తం మీద పది శాతం ఓట్లు రాని పార్టీకి సీటే లేదని 1983లో చట్టం చేశారు. 2002 నవంబరు ఎన్నికల్లో ఆ గీత దాటినవి రెండే పార్టీలు. మత రాజకీయాల్లోంచి వచ్చిన ఎర్దొవాన్ పార్టీకి వచ్చినవి 34 శాతం ఓట్లు. సీట్లు 550కి 363! సైన్యం ఎవరిని ఆపాలని చూసిందో వాళ్లకే సైన్యం రాసిన చట్టం దాదాపు మూడింట రెండొంతుల సభను కట్టబెట్టింది.

మధ్యలో 1997 ఉంది. నువ్వు డిబేట్‌లో చెప్పిన "మతం పేరు చెప్పి గెలిచిన ప్రభుత్వం" అచ్చంగా అదే, ప్రధాని ఎర్బకాన్‌ది. ఫిబ్రవరిలో అంకారా పక్కన సింజాన్ అనే పట్నం వీధుల్లో యుద్ధ ట్యాంకులు తిరిగాయి. ఒక్క గుండూ పేలలేదు. అదే నెల 28న జాతీయ భద్రతా మండలి కూర్చుని మతానికి కళ్లెం వేసే చర్యల జాబితా ఒకటి ప్రధాని చేతిలో పెట్టింది. జూన్‌లో ఆయన రాజీనామా చేశాడు, మరుసటి జనవరిలో కోర్టు ఆయన పార్టీని మూసేసింది. ఆ దెబ్బ తగిలింది ఎర్బకాన్ ఒక్కడికే కాదు, నీ ఈడు ఆడపిల్లలకి. తలకు స్కార్ఫ్ కట్టుకుంటే యూనివర్సిటీ గేటు దాటనివ్వలేదు. కొందరు స్కార్ఫ్ మీద విగ్గు పెట్టుకుని క్లాసుకు వెళ్లేవారు. నమ్మకాన్ని దాచుకోవడానికి అబద్ధపు జుట్టు! ఇరాన్‌లో స్కార్ఫ్ వేసుకోకపోతే పట్టుకుంటారు, అప్పటి టర్కీలో వేసుకుంటే ఆపేవారు. రెండు చోట్లా పిల్ల తల మీద అధికారం పిల్లది కాదు. 1999 మేలో మెర్వే కవాక్చీ ఎంపీగా గెలిచి స్కార్ఫ్‌తో సభలోకి వస్తే, సభ్యులు బల్లలు చరుస్తూ "బయటికి, బయటికి" అని అరిచారు. ప్రమాణం చేయకుండానే వెళ్లిపోయింది. ఓటేసిన ఇస్తాంబుల్ జనం సంగతి ఎవరికి పట్టింది?

2007 ఏప్రిల్ 27 రాత్రి సైన్యం ట్యాంకులకు బదులు తన వెబ్‌సైట్లో హెచ్చరిక పెట్టింది. భార్య స్కార్ఫ్ కట్టుకునే మనిషి, అబ్దుల్లా గుల్, రాష్ట్రపతి కాబోతున్నాడని కంగారు. మూడు నెలలు తిరక్కుండా ఎన్నికలొస్తే ఎర్దొవాన్ ఓట్లు దాదాపు 47 శాతానికి పెరిగాయి.

ఇక్కడితో కథ ముగిస్తే ఎర్దొవాన్‌కి హారతి ఇచ్చినట్టవుతుంది. నేనివ్వను. 2016 జులై 15న సైన్యంలో ఒక వర్గం మళ్లీ తిరగబడింది. ఈసారి జనం ట్యాంకులకు అడ్డం పడ్డారు, మసీదు మైకుల్లోంచి పిలుపులు వెళ్లాయి, 250 మందికి పైగా ప్రాణాలు పోయాయి. కుట్ర విఫలమైంది. అయితే ఆ తర్వాత రెండేళ్ల ఎమర్జెన్సీలో లక్ష మందికి పైగా ఉద్యోగాలు ఊడాయి. టీచర్లూ జడ్జీలూ కూడా. 2017లో అధికారమంతా ఒక్క మనిషి కుర్చీ కిందికి చేరింది. 2020లో హాగియా సోఫియా మ్యూజియం మళ్లీ మసీదయింది. ఇప్పుడు గేటు దగ్గర ఆపేది ప్రభుత్వానికి ఎదురు మాట్లాడేవాళ్లని. ఇలాంటి రోజున అడ్డం నిలవాల్సినవి కోర్టులు, పత్రికలు, ప్రతిపక్షం. ఏ పదేళ్లకో ఒకసారి జనరల్ వచ్చి కొడుతుంటే అవి ఎప్పుడు కాళ్ల మీద నిలబడతాయి? ఈసారి డిబేట్‌లో ఈ ప్రశ్న నువ్వే అడుగు.

ప్రశ్న: టర్కీ సంగతి సరే. మన పక్క దేశాల్లో సైన్యం మతానికి అడ్డుపడిందా, కొమ్ము కాసిందా?
– ఒక పాఠకుడు, రాయగడ

జవాబు: కొమ్ము కాసింది. బంగ్లాదేశ్ 1972 రాజ్యాంగంలో సెక్యులరిజం మూల సూత్రం. 1977లో దాన్ని తీసేసింది జనరల్ జియావుర్ రెహమాన్. 1988లో ఇస్లాంను అధికార మతం చేసింది జనరల్ ఎర్షాద్. ఓట్లు లేని పాలకుడికి దేవుడి సిఫార్సు ఉత్తరం కావాలి మరి. పాకిస్తాన్‌లో 1977లో అధికారం లాక్కున్న జియా ఉల్ హక్ రెండేళ్లకే హుదూద్ శిక్షలు, అంటే షరియా ప్రకారం వేసే శిక్షలు, తెచ్చాడు. అయితే తలుపు ముందే కాస్త తెరిచిపెట్టింది ఎన్నికైన భుట్టోనే. 1977లో మత పార్టీల గొడవ చల్లార్చడానికి మద్యం నిషేధించాడు, శుక్రవారం సెలవిచ్చాడు. వాళ్లు చల్లారలేదు, ఆయన్ని సైన్యం 1979లో ఉరితీసింది. మతంతో బేరమాడిన నాయకుణ్ణి మతమూ కాపాడలేదు.

ప్రశ్న: ఇరవై ఏళ్లకు పైగా ఆర్మీలో చేసి రిటైరయ్యాను. మా యూనిట్లో గుడి, గురుద్వారా, మసీదు, చర్చి ఒకే కప్పు కింద ఉండేవి. పండగలన్నీ అందరం కలిసి చేసుకునేవాళ్లం. దేశం కూడా మిలిటరీలాగ నడిస్తే ఈ మతాల గొడవలుండవు కదా?
– విశ్రాంత హవల్దార్, ఛత్రపురం

జవాబు: హవల్దారు గారూ, మీ సర్వధర్మ స్థలం మీద నాకూ గౌరవమే. పండితుణ్ణీ, గ్రంథీనీ, మౌల్వీనీ, పాదిరీనీ జూనియర్ కమిషన్డ్ అధికారులుగా జీతమిచ్చి పెట్టుకునే సైన్యం మనది. మద్రాస్ రెజిమెంట్ "వీర మద్రాసీ, అడి కొల్లు, అడి కొల్లు" అంటుంది, సిక్కులు "బోలే సో నిహాల్" అంటారు, ఇద్దరూ ఒకే జెండా కింద పోరాడతారు. మంచి ఏర్పాటే.

అయితే ఆ సామరస్యం వెనకాల ఒక ఆజ్ఞ ఉంటుందన్నది మీకు తెలియని సంగతి కాదు. రాజ్యాంగం 33వ అధికరణం సైనికుల ప్రాథమిక హక్కులను తగ్గించే అధికారం పార్లమెంటుకి ఇచ్చింది. ఈ మధ్య ఒక కేసు పేపర్లలో చదివే ఉంటారు. సిక్కు జవాన్ల దళంలో ఒక క్రైస్తవ యువ అధికారి తనవాళ్లతోపాటు గుడికీ గురుద్వారాకీ వెళ్లేవాడు, గర్భగుడిలోకి మాత్రం రాలేనన్నాడు. ఉద్యోగం పోయింది. 2025లో ఢిల్లీ హైకోర్టూ, తర్వాత సుప్రీంకోర్టూ సైన్యం పక్షానే నిలిచాయి. జవాన్లను నడిపించేవాడు వాళ్లతో ఒకటిగా ఉండాలన్నది కోర్టుల మాట. సైన్యం వరకు ఆ వాదనలో బలం ఉంది, నాకు కొంచెం ముల్లు గుచ్చుకున్నట్టున్నా సరే. కానీ మీరు యూనిఫాం విప్పి ఛత్రపురం బజార్లోకి వచ్చాక, రేపు ఏ తహసీల్దారో "లోపలికి రా" అంటే "రాను" అనే హక్కు మీకుంది. దేశమంతా మిలిటరీలాగ నడిస్తే ముందు పోయేది అదే.

మన దగ్గర సైన్యం తన హద్దులో ఉండటం ఊరికే జరగలేదు. బ్రిటిష్ సేనాధిపతి ఉండే పెద్ద బంగళాలోకి 1948లో ప్రధాని నెహ్రూ మారాడు. అదే ఇప్పటి తీన్ మూర్తి భవన్. ఆ భవనంలో ఎవరుంటే వాళ్లే దేశానికి పెద్ద అన్న భావం జనంలో ఉండేది కదా. 1955లో మూడు దళాల అధిపతులకున్న కమాండర్ ఇన్ చీఫ్ బిరుదు కూడా పోయింది. మీలాంటివాళ్లు అధికారంలో ఉన్నవాళ్లని తిట్టుకున్నా బ్యారక్స్‌లోనే తిట్టుకున్నారు. అందుకు దేశం మీకు బాకీ పడింది.

ఒక మాట చేర్చాలి. మన రాజ్యాంగ పీఠికలో "సెక్యులర్" అన్న పదం 1976లో, ఎమర్జెన్సీలో, ప్రతిపక్ష నాయకులు జైళ్లలో ఉండగా చేరింది. ఆ చేర్చిన తీరు నాకు నచ్చదు. మత స్వేచ్ఛ మాత్రం 1950 నుంచీ 25వ అధికరణంలో ఉంది. ఎవరూ జైలుకెళ్లకుండా, సభలో రోజుల తరబడి వాదించుకుని రాసుకున్నది.

ప్రశ్న: బరంపురం ఠాకురాణీ జాతరకి కలెక్టరు ఆఫీసూ, మున్సిపాలిటీ, పోలీసులూ అందరూ పనిచేస్తారు. సెక్యులర్ ప్రభుత్వం ఇలా చేయొచ్చా? మా వీధి కమిటీ చందాల గురించి కూడా రాస్తున్నాను, చదవండి.
– ఒక గృహిణి, బరంపురం

జవాబు: చేయొచ్చమ్మా. రెండేళ్లకోసారి అమ్మవారు దేశీ బెహెరా వీధికి పుట్టింటికి వస్తే, ఘటాల వెనక జనం వేలకొద్దీ నడుస్తారు. అంతమంది నడిచే వీధిలో దీపాలు, నీళ్లు, బందోబస్తు చూడటం పూజ కాదు, పరిపాలన. మొహర్రానికీ, క్రిస్మస్‌కీ అదే లెక్క ఉండాలి. ఎక్కడైనా తక్కువైతే అప్పుడు నిలదీయండి. బందోబస్తుకు వచ్చిన హోంగార్డు తన భక్తితో ఘటానికి దణ్ణం పెట్టుకుంటే అది అతని ఇష్టం. దణ్ణం పెట్టమని పై అధికారి హుకుం ఇస్తే మాత్రం నాకు రాయండి, ఈ కాలమ్ మొత్తం దానికే ఇస్తాను.

చందాల గురించి రాసిన రెండు పేజీలూ చదివాను. అచ్చు వేయడం లేదు. అందులో ఉన్న లెక్కలు మీ కమిటీ సెక్రటరీతో కూర్చుని తేల్చుకోవాల్సినవి. రసీదులు మాత్రం దగ్గర పెట్టుకోండి.