సవరణను కూడా సుప్రీంకోర్టు కొట్టేయగలదా? – సమాధానం

మీ చిక్కంతా రాజ్యాంగంలోని 368వ అధికరణం దగ్గరే ఉందండీ. రాజ్యాంగాన్ని సవరించే అధికారం పార్లమెంటుకే ఇచ్చాక, మూడింట రెండొంతుల మెజారిటీతో చేసిన సవరణను జడ్జీలు ఎలా కొట్టేస్తారు, వాళ్లు చెప్పే ‘మౌలిక స్వరూపం’ (సవరణతోనూ చెరపకూడని మూల లక్షణాలు) రాజ్యాంగంలో ఎక్కడుంది అని కదా డిబేట్ కోసం అడిగారు?

ఎక్కడా లేదు. 1973 ఏప్రిల్ 24న కేశవానంద భారతి కేసులో 13 మంది జడ్జీల ధర్మాసనం 7–6 తేడాతో తేల్చిన మాట అది. ప్రాథమిక హక్కులతో సహా దేన్నైనా సవరించుకోవచ్చు, కానీ ఆ పేరుతో రాజ్యాంగాన్ని ఆనవాలు లేకుండా మార్చేయడానికి వీల్లేదు. 1967 నాటి గోలక్‌నాథ్ తీర్పు హక్కుల జోలికే రావొద్దంది. ఆ లెక్కన ఇది పార్లమెంటుకు కాస్త పట్టు సడలించిన తీర్పే! ఈ సంగతి చాలామంది మర్చిపోతారు.

మీరు రెండు పరీక్షల్ని కలిపేస్తున్నారు. మామూలు చట్టమైతే ప్రాథమిక హక్కులకు విరుద్ధమా అని 13వ అధికరణం కింద చూస్తారు. సవరణైతే మౌలిక స్వరూపం దెబ్బతిందా అన్నదే ప్రశ్న. 1975లో 39వ సవరణ ప్రధాని, స్పీకర్‌ల ఎన్నికను కోర్టుల పరిధి నుంచి తప్పించింది. ఇందిరా గాంధీ ఎన్నిక చెల్లదని అలహాబాద్ హైకోర్టు అప్పటికే తీర్పిచ్చి ఉంది. సుప్రీంకోర్టు ఆ క్లాజును కొట్టేసింది. చిత్రమేమిటంటే, ఆమె ఎన్నిక చెల్లుతుందనీ అదే కేసులో చెప్పింది.

జడ్జీల నియామకానికి కమిషన్‌ను ఏర్పాటు చేసిన 99వ సవరణ కూడా 2015లో ఇలాగే పోయింది. అక్కడ మాత్రం మీ అభ్యంతరానికి బలముంది, తమ నియామకాల సంగతి జడ్జీలు తామే తేల్చుకున్నారు. డిబేట్‌లో అవతలి పక్షాన్ని ఇరుకున పెట్టాలంటే కేశవానంద వదిలేసి ఆ కేసు పట్టుకోండి.