తపసి బంకలో రంగు పాకించే అమ్మాయికి

విజయనగరం

చి. అమ్మలుకు పెదనాన్న ఆశీస్సులు.

నీ ప్రాజెక్టు కాగితాలు అందాయి. మన ఏజెన్సీ కొండల్లో దొరికే తపసి బంకను తీసుకుని, గాజు గొట్టంలో అగర్ (సముద్రపు నాచు నుంచి తీసే జెల్లీ పదార్థం)తో కలిపి, అందులో రంగులు ఎంత వేగంగా విసరణ చెందుతాయో, అంటే వాటంతటవే పాకి విస్తరిస్తాయో, కొలవాలనుకోవడం నాకు నచ్చింది. రెండో పేజీ దగ్గర మాత్రం ఆగిపోయాను. బంక ద్రావణం స్నిగ్ధతను (చిక్కదనాన్ని) విస్కోమీటరుతో కొలిచి, ద్రవం స్నిగ్ధతను బట్టి కణం ఎంత వేగంగా పాకుతుందో చెప్పే స్టోక్స్-ఐన్‌స్టీన్ సమీకరణంలో వేసి, రంగు విసరణ గుణకం (పాకే వేగానికి కొలత) రాబడతానన్నావు. ఆ వాక్యం కొట్టెయ్యమ్మా.

సమీకరణంలో దోషం లేదు. 1905లో ఐన్‌స్టీన్ ఊహించిన కణం పెద్దది. చుట్టూ ఉన్న ద్రవం అణువులు దాని ముందు లెక్కలోకి రానంత చిన్నవి. నీ గొట్టంలో వ్యవహారం తలకిందులైంది. రంగు అణువు ఒక నానోమీటరు ఉంటుంది, గొలుసులా ఉండే బంక అణువు అంతకు ఎన్నో రెట్లు పొడవు. విస్కోమీటరులో ద్రావణమంతా ఒక్కసారిగా జారుతుంది కాబట్టి గొలుసులు ఒకదాన్నొకటి పట్టి లాగుతాయి. రంగుకు ఆ లాగుడుతో పనిలేదు. గొలుసుల మధ్య ఉన్న నీరే దాని దారి.

నా మాట మీద నమ్మకం కుదరకపోతే అగర్ చూడు. గట్టిపడ్డాక గిన్నె బోర్లించినా కారదు, అంటే స్నిగ్ధత అనంతమన్నమాట. నీ లెక్క ప్రకారం అందులో రంగు వెంట్రుకవాసి కూడా కదలకూడదు. కానీ ఉప్పు లాంటి చిన్న అణువులు జెల్లీలో దాదాపు నీటిలో పాకినంత వేగంగానే పాకుతాయని రసాయన శాస్త్రవేత్త థామస్ గ్రాహం 1861 నాటికే చూశాడు.

కాబట్టి ముందు వేసుకోవలసిన ప్రశ్న: కణం ఎంత, గొలుసులు అల్లుకున్న వల కన్ను (రంధ్రం) ఎంత? కళింగపట్నంలో ఏ చేప పడుతుందని అడిగితే జాలరి ముందు కన్ను వైపే చూస్తాడు. పలుచని ద్రావణంలో గొలుసులు విడివిడిగా తిరుగుతాయి, అక్కడ వల అనేదే లేదు. ఒక గాఢత దాటాక అవి ఒకదానిలోకి ఒకటి చొరబడి వల ఏర్పడుతుంది. గొలుసులు బాగా విచ్చుకునే మంచి ద్రావణిలో ఆ తర్వాత గాఢత రెట్టింపైతే కన్ను సుమారు 0.6 వంతుకు కుంచించుకుపోతుంది. వల కన్నుకన్నా బాగా చిన్న కణానికి నీటి స్నిగ్ధతే వర్తిస్తుంది. వల కన్నుకన్నా ఎంతో పెద్ద కణానికైతే విస్కోమీటరు చెప్పిందే నిజం. నడిమి కణాల సంగతి చిక్కు: ద్రావణంలో వల తానే కదిలి దారి ఇస్తుంది, జెల్‌లో ముడులు బిగిసి ఉంటాయి కనుక కణం ఒక గదిలో తచ్చాడుతూ చాలాసేపు ఉండిపోవచ్చు. వాటిని సూక్ష్మదర్శినితో వెంటాడాలి. నీకిప్పుడు ఆ జోలి వద్దు.

ఇక చిన్న రంగు ఎంత మందగిస్తుంది? మాకీ, మియర్స్ అనే శాస్త్రవేత్తలు 1955లో ఇచ్చిన సూత్రం సులువైనది. పాలిమర్ (గొలుసు అణువుల పదార్థం) ఆక్రమించిన ఘనపరిమాణం వంతును ఒకటిలోంచి తీసివెయ్యి, అదే వంతును ఒకటికి కలుపు, మొదటిదాన్ని రెండోదానితో భాగించి వర్గం చెయ్యి. పాలిమర్ 2 శాతం ఉంటే 0.92 వస్తుంది, అంటే తగ్గుదల 8 శాతమే. ఇక్కడే నా భయం. నీటి స్నిగ్ధత డిగ్రీకి ఇంచుమించు 2 శాతం మారుతుంది. మన ఎండల్లో ఉదయం చల్లగా ఉన్న గది మధ్యాహ్నానికి నాలుగు డిగ్రీలు వేడెక్కితే, నువ్వు వెతుకుతున్న 8 శాతం అందులోనే కలిసిపోతుంది. నీటి తొట్టి పెట్టు. కరెంటు పోతే కాపాడటానికి చుట్టూ థర్మకోల్ పెట్టె కట్టు. బంక లేని ఉత్త అగర్ గొట్టం ఒకటి, బంక కలిపినది ఒకటి ఎప్పుడూ పక్కపక్కనే నడిపించు. నీకు కావలసింది ఆ రెండింటి నిష్పత్తి.

పర్మాంగనేటు వాడతానన్నావు, వద్దు. అది బంకనూ అగర్‌నూ ఆక్సీకరించి గోధుమరంగు మాంగనీస్ డయాక్సైడుగా మిగులుతుంది. నువ్వు కొలిచేది విసరణ కాదు, రసాయన చర్య. మిథిలీన్ బ్లూ అనే నీలి రంగు మీద కూడా ఓ కన్నేసి ఉంచు. దానిది ధనావేశం, తపసి బంకలోని యురోనిక్ ఆమ్లాలది రుణావేశం. అతుక్కుని ఆలస్యమైతే దాన్ని అడ్డంకి అని రాసేస్తావు. అదే గొట్టంలో కాస్త ఉప్పు కలిపి చూడు. వేగం పెరిగితే అది అతుకుడే. రుణావేశమున్న మిఠాయి రంగును జతగా నడిపిస్తే ఇంకా మంచిది.

రంగు అంచు ఎక్కడుందని కంటితో గుర్తించవద్దు. ఆ అంచు నీ చూపును బట్టి మారుతుంది. ఫోనుతో ఫొటో తీసి, రంగు నీరు తాకే జెల్ పైముఖం దగ్గరి గాఢతలో సగం ఉన్న చోటు పట్టుకో. పైన రంగు నీరు ధారాళంగా ఉండి, గొట్టం పొడవుగా ఉంటే, ఆ దూరం వర్గం 0.91 సార్లు విసరణ గుణకం సార్లు కాలం. ఫొటోలోని నలుపు నేరుగా గాఢత కాదు కనుక తెలిసిన గాఢతల గొట్టాలతో పోల్చుకోవాలి. దూరం వర్గాన్ని కాలానికి గీస్తే సరళరేఖ రావాలి. వంగితే ఎక్కడో రంగు అతుక్కుంటోంది, లేదా నీరు ఆవిరవుతోంది. చిన్న రంగులు గంటకు రెండు మిల్లీమీటర్లు మించి పోవు, ఓపిక పట్టు.

తపసి బంక పూర్తిగా కరగదు, ఉబ్బుతుంది. రాత్రంతా నానబెట్టి గుడ్డలో వడకట్టాకే వాడు, ఏ రోజుది ఆ రోజే కలుపుకో. మన ఉక్కపోతకు పాడైతే పలచబడుతుంది.

సిరిమాను పండుగకు వస్తావుగా, అప్పటికి ఉత్త అగర్ గ్రాఫు ఒక్కటి గీసి పట్టుకురా. గాజు గొట్టాలు నా దగ్గర కొన్ని ఉన్నాయి, కొనకు.

మీ పెదనాన్న