పెట్రోకెమికల్స్ మార్కెట్ వచ్చే ఐదారేళ్లు ఎలా ఉంటుంది? వైజాగ్‌లో సంచుల యూనిట్ పెట్టొచ్చా?

మీ ప్రశ్న సారాంశం ఇదీ: వైజాగ్ రిఫైనరీ సామర్థ్యం పెరిగింది, రామాయపట్నం దగ్గర లక్ష కోట్ల రిఫైనరీ వస్తోందంటున్నారు, దేశంలో ప్లాస్టిక్ వాడకం పెరుగుతూనే ఉంది. ఇప్పుడు గాజువాక వైపు ప్లాస్టిక్ సంచుల యూనిట్ పెడితే ముడిసరుకు ఇక్కడే చవగ్గా దొరుకుతుందా, మార్కెట్ నిలబడుతుందా అని.

మా కుటుంబానికి ఆటోనగర్‌లో పాలీప్రొపిలీన్ నేత సంచుల యూనిట్ ఉంది. గ్రాన్యూల్స్, అంటే సంచులకు ముడిసరుకైన ప్లాస్టిక్ గింజలు, కొనే పని నాది. షేర్లు కొనేవాళ్లకు ఈ మార్కెట్ ఎలా కనిపిస్తుందో వేరే వాళ్లు చెప్తారు. ఆ సరుకు కొనుక్కుని బతికేవాడికి ఎలా కనిపిస్తుందో నేను చెప్తాను. డిమాండ్ గురించి మీకు టెన్షన్ అక్కర్లేదు. మన దేశంలో తలసరి ప్లాస్టిక్ వాడకం ప్రపంచ సగటులో సగం కూడా లేదు, ఇంకా పెరగాల్సిందే. టెన్షన్ అంతా రేటుతోనే. ఆ రేటు మల్కాపురంలో తేలదు, ఢిల్లీలోనూ తేలదు.

ముందు మన రిఫైనరీ సంగతి. మల్కాపురం మీదుగా వెళ్లేటప్పుడు ఆ టవర్లు, గొట్టాలు చూసి "ఇంత పెద్ద రిఫైనరీ పక్కనుంటే మీకు ముడిసరుకు గుమ్మంలోకే వస్తుందేమో" అని చుట్టాలు అడుగుతుంటారు. 1957లో కాల్టెక్స్ పెట్టిన ఈ రిఫైనరీ 1978లో హెచ్‌పీసీఎల్‌లో కలిసింది. ఇటీవలి ఆధునికీకరణలో సామర్థ్యం ఏడాదికి 83 లక్షల టన్నుల నుంచి కోటీ యాభై లక్షల టన్నులకు పెరిగింది. కానీ ఆ ఖర్చంతా పెట్రోల్, డీజిల్ ఎక్కువగా తీయడానికి, అడుగున మిగిలే మందపాటి నూనెను కూడా ఇంధనంగా మార్చడానికి. మనం సంచులు నేసే గ్రాన్యూల్స్ అక్కడ తయారవవు. పక్కనే ఉన్న ఆంధ్రా పెట్రోకెమికల్స్ ఒక్కటి మాత్రం రిఫైనరీ నుంచి ప్రొపిలీన్ (పాలీప్రొపిలీన్‌కి మూలమైన గ్యాస్) తీసుకుని ఆక్సో ఆల్కహాల్స్ చేస్తుంది. అవి పీవీసీని మెత్తబరిచే ప్లాస్టిసైజర్లకూ రంగుల తయారీకీ వెళ్తాయి. మనకు వాటితో పని లేదు.

మరి మన సరుకు ఎక్కడిది? ఎక్కువగా పారాదీప్, హల్దియా నుంచి లారీల్లో వస్తుంది. కొన్ని గ్రేడ్లు గుజరాత్ నుంచి. రేటు కుదిరితే పోర్టులో దిగిన ఇంపోర్ట్ సరుకు. రామాయపట్నం వస్తే కష్టాలు తీరిపోతాయనుకునే వాళ్లు ఒకసారి మ్యాప్ చూడండి. వైజాగ్‌కి పారాదీప్ ఎంత దూరమో రామాయపట్నమూ ఇంచుమించు అంతే. లారీ కిరాయిలో మనకు పెద్దగా కలిసొచ్చేది లేదు. అమ్మేవాడు ఇంకొకడు పెరిగితే బేరానికి కాస్త బలం వస్తుంది, అంతవరకే.

అదైనా వచ్చినప్పటి మాట. 2024 డిసెంబరులో బీపీసీఎల్ బోర్డు రామాయపట్నానికి మంజూరు చేసింది ప్రాథమిక పనుల సొమ్ము, 6,100 కోట్లు. ఆ తర్వాత దశలు చాలా ఉంటాయి. రాజస్థాన్‌లోని బార్మర్ రిఫైనరీకి 2013లో శంకుస్థాపన చేశారు, మళ్లీ 2018లో పనులు ప్రారంభించారు. ఈలోపు ప్రభుత్వాలు మారాయి, ఒప్పందం షరతులు మారాయి, అంచనా ఖర్చు కూడా ఎక్కడికో పోయింది. మన దగ్గరా అంతే. విశాఖ-కాకినాడ పెట్రోకెమికల్ రీజియన్‌కి కేంద్రం 2009లోనే ఆమోదం ఇచ్చింది, 640 చదరపు కిలోమీటర్లు అన్నారు. 2017లో కాకినాడలో క్రాకర్ (నూనెనో గ్యాస్‌నో వేడితో విడగొట్టి ప్లాస్టిక్ ముడిసరుకు తీసే ప్లాంట్) కోసం గెయిల్, హెచ్‌పీసీఎల్ రాష్ట్ర ప్రభుత్వంతో ఒప్పందం రాసుకున్నాయి. క్రాకర్ రాలేదు. పరవాడ, అచ్యుతాపురం, నక్కపల్లి వైపు మందుల కంపెనీలు వచ్చాయి. అది మంచిదే, కానీ దానివల్ల మనకు గ్రాన్యూల్స్ దొరకవు కదా. శంకుస్థాపన ఫొటో చూసి బ్యాంకు లోన్‌కి అప్లై చేయకండి.

ఇక అసలు విషయం, రేటు.

గత కొన్నేళ్లలో చైనా ఎడాపెడా ప్లాంట్లు కట్టింది. ప్రొపేన్ గ్యాస్ నుంచి నేరుగా ప్రొపిలీన్ తీసే ప్లాంట్లయితే లెక్కలేనన్ని. ఒకప్పుడు ఆసియాలో మిగిలిన సరుకునంతా కొనుక్కున్న దేశం ఇప్పుడు తన సరుకు తానే చేసుకుంటోంది, పాలీప్రొపిలీన్ బయటికి అమ్ముతోంది కూడా. దెబ్బ మొదట కొరియాకి తగిలింది. 2025 ఆగస్టులో అక్కడి పది కంపెనీలు ఏడాదికి 27 నుంచి 37 లక్షల టన్నుల నాఫ్తా (క్రూడ్ నుంచి వచ్చే తేలికపాటి నూనె) క్రాకింగ్ సామర్థ్యం తగ్గించుకోవడానికి ఒప్పుకున్నాయి. యూరప్‌లో పాత క్రాకర్లు ఒక్కొక్కటే మూతపడుతున్నాయి.

ఇందులో ముడిసరుకు మతలబు ఒకటి ఉంది. అమెరికా, గల్ఫ్ దేశాల్లో క్రాకర్లకు ఈథేన్ గ్యాస్ వాడతారు, అందులోంచి 80 శాతం దాకా ఇథిలీనే (పాలిథిన్‌కి మూలమైన గ్యాస్) వస్తుంది. నాఫ్తా నుంచి వచ్చేది 30 శాతం. మిగతా సరుకులన్నీ మంచి రేటుకి అమ్ముడైతేనే నాఫ్తా క్రాకర్‌కి గిట్టుబాటు. మన దేశంలో హల్దియా, పానిపట్ లాంటివి నాఫ్తా మీద నడిచేవే. రిలయన్స్ 2017 నుంచి అమెరికా ఈథేన్‌ని ఓడల్లో తెచ్చుకుంటున్నది ఊరికే కాదు.

కాబట్టి "భారత పెట్రోకెమికల్స్ భవిష్యత్తు ఉజ్వలం" అని ఎక్కడ చదివినా, ఎవరికి ఉజ్వలమో చూసుకోండి. డిమాండ్ పెరుగుతుంది, నిజం. అయినా లక్ష కోట్లు పోసి క్రాకర్ కట్టినవాడికి ఇంకొన్నాళ్లు గడ్డుకాలమే అని నా అంచనా. వాడికి మార్జిన్ లేదంటే కొనేవాళ్లమైన మనకు సరుకు చవకని అర్థం. ఈ పరిశ్రమలో చిన్నవాడికి ఇంత అనుకూలమైన కాలం అరుదుగా వస్తుంది. నేనే కొత్తగా పెట్టుబడి పెట్టాల్సి వస్తే సంచులు, పైపులు, క్రేట్లు చేసే వైపే పెడతాను.

దేశంలోని కంపెనీలు రేటు ఎలా కడతాయో తెలిస్తే మీకు సగం వ్యాపారం అర్థమైనట్టే. విదేశీ సరుకు మన పోర్టులో దిగడానికి ఎంతవుతుందో లెక్కేస్తారు. అంటే విదేశీ ధర, డాలర్ రేటు, కస్టమ్స్ సుంకం, పోర్టు ఖర్చులు. దానికి కాస్త అటూ ఇటూగా తమ రేటు పెడతారు. క్రూడ్ పడిపోయినా రూపాయి కూడా పడితే మనకు మిగిలేది సున్నా. మా ఆఫీసులో పొద్దున్నే క్రూడ్ కంటే ముందు డాలర్ చూస్తాం.

నెలాఖరు వారం మా లైన్‌లో వేరే లోకం. ఒకటో తారీకున కొత్త రేట్లు వస్తాయి. ఇరవై అయిదో తారీకు నుంచీ ఫోన్లు మొదలు. "కిలోకి రెండు రూపాయలు తగ్గుతుందట" అని ఒకరు, "లేదు, ఫలానా ప్లాంట్ షట్‌డౌన్, పెరుగుతుంది" అని ఇంకొకరు. డిస్ట్రిబ్యూటర్‌కి ఆ నెల టార్గెట్ పూర్తి కాకపోతే గొంతులో తేడా తెలిసిపోతుంది, తీయగా మాట్లాడతాడు. అప్పుడే బేరం. తగ్గుతుందని పుకారొస్తే ఊరంతా కొనడం మానేస్తారు, పెరుగుతుందంటే గోడౌన్లో చోటు లేకపోయినా ఎగబడతారు. నెలకి 100 టన్నులు వాడే యూనిట్ రెండు నెలల సరుకు నింపుకున్నాక కిలోకి 3 రూపాయలు పడిందనుకోండి, 6 లక్షలు హుష్‌కాకి. సంచి ఖర్చులో సింహభాగం ముడిసరుకుదే, నేతలో మిగిలేది పైసల్లో. ఏడాదంతా లూమ్స్ (నేత మగ్గాలు) మీద సంపాదించింది ఒక్క నెల స్టాక్‌లో పోగొట్టుకున్న వాళ్లను చూశాను. అందుకే మేం మూడు వారాలకు మించి సరుకు పెట్టం.

లారీ వచ్చాక కూడా కళ్లు తెరుచుకునే ఉండాలి. కలాసీలు 25 కిలోల బస్తాలు దింపుతున్నప్పుడు బ్యాచ్ నంబర్లు చూడాలి. ఒకే లారీలో రెండు బ్యాచ్‌లు కలిసొస్తే మెల్ట్ ఫ్లో (కరిగినప్పుడు పారే తీరు) కాస్త తేడా ఉన్నా టేప్ లైన్ (గ్రాన్యూల్స్ కరిగించి నేతకు సన్నటి టేపులు లాగే మెషిన్) మీద టేపులు పుటుక్కు పుటుక్కున తెగిపోతాయి. సంచులకు కావలసింది రాఫియా గ్రేడ్, అంటే ఇలా టేపులు లాగడానికి పనికొచ్చే రకం. చవగ్గా వస్తోందని వేరే గ్రేడ్ అంటగట్టే వాళ్లుంటారు, జాగ్రత్త.

ప్రభుత్వ నిర్ణయాలు ఇంకో పెద్ద తలనొప్పి. 2025 నవంబరులో కేంద్రం చాలా పాలిమర్ల మీద ఉన్న బీఐఎస్ నాణ్యతా ఉత్తర్వులు (బీఐఎస్ ముద్ర లేని సరుకు రానివ్వని నియమాలు) ఎత్తేసింది. దిగుమతి సులువైంది. పెద్ద కంపెనీలకు అది నచ్చలేదు, మాకు పండగ. రేపు ఇంకో రూపంలో అడ్డుకట్ట రాదని గ్యారంటీ ఏమీ లేదు. పీవీసీ పైపుల వాళ్లనైతే యాంటీ డంపింగ్ సుంకం (మరీ చవగ్గా వచ్చిపడే విదేశీ సరుకు మీద వేసే అదనపు పన్ను) వస్తుందా రాదా అని నెలల తరబడి ఊరించి, చివరికి విధించలేదు.

కొన్ని నిర్ణయాలు ఎక్కడో తీసుకుంటారు, మా లూమ్ వెడల్పు మారుతుంది. 2022 జులైలో 25 కిలోల వరకు ప్యాక్ చేసిన బియ్యం మీద 5 శాతం జీఎస్టీ వేశారు. మిల్లర్లు వెంటనే 26 కిలోల సంచులు అడగడం మొదలుపెట్టారు. కొలతలు మార్చాం, ప్రింటింగ్ మార్చాం, మిగిలిపోయిన పాత సంచులు అయినకాడికి అమ్ముకున్నాం. అలాగే ప్రభుత్వం సేకరించే ధాన్యానికి జనపనార సంచులే వాడాలని 1987 నాటి చట్టం. ఆ గిరాకీ మీద ఆశ పెట్టుకోకండి.

గిరాకీ ఉన్నచోటు చెప్తాను. ఎరువులు, సిమెంటు, బియ్యం, రొయ్యల మేత. వీటిలో మేత సంచులకు మార్జిన్ బాగుంటుంది, ప్రింటింగ్, లామినేషన్ నాణ్యంగా అడుగుతారు కాబట్టి. కానీ 2025 ఆగస్టులో అమెరికా మన సరుకుల మీద సుంకం 50 శాతం చేసిన నెలలోనే భీమవరం వైపు నుంచి ఆర్డర్లు మందగించాయి. రైతు చెరువులో పిల్ల వేయడం ఆలోచిస్తే మేత ఆగుతుంది, మేత ఆగితే సంచి ఆగుతుంది. ఒక్క రంగాన్నే నమ్ముకోవద్దని చెప్పడానికి ఇది చాలు. ఎరువుల సంచుల్లో లాభం తక్కువ, కానీ సీజన్‌కి ఆర్డర్ ఖాయం. రెండూ పెట్టుకోండి.

రీసైక్లింగ్ గురించి మీరు అడగలేదు కానీ చెప్పాలి. కేంద్ర నియమాల ప్రకారం గట్టి ప్లాస్టిక్ ప్యాకింగ్‌లో 2025-26 నుంచి 30 శాతం రీసైకిల్ చేసిన ప్లాస్టిక్ ఉండాలి, 2028-29 నాటికి అది 60 శాతం. డబ్బాలు, బకెట్ల వాళ్లకు శుభ్రమైన రీప్రాసెస్ గ్రాన్యూల్స్ కావాలి, మంచివి దొరకడం లేదు. ఈ ఊళ్లో తుక్కుకి కొదవ లేదు, వేరు చేసి కడిగే వాళ్లే తక్కువ. మీ దగ్గర పెట్టుబడి తక్కువగా ఉంటే సంచుల కంటే ఇదే నయం.

స్థలం దగ్గర ఒక మాట. 2020 మే 7 తెల్లవారుజామున వెంకటాపురంలో స్టైరీన్ లీకై జనం ప్రాణాలు పోయిన ఊరు మనది. గ్రాన్యూల్స్‌తో అలాంటి ప్రమాదం లేదు, నిజమే. కానీ పాలీప్రొపిలీన్ అంటుకుంటే ఆర్పడం మాటలు కాదు. ఇళ్ల మధ్య షెడ్డు చవగ్గా వస్తుందని తీసుకోవద్దు. పొల్యూషన్ బోర్డు అనుమతి, ఫైర్ ఎన్‌ఓసీ, స్టాక్‌కి ఇన్సూరెన్స్ ముందే చూసుకోండి.

మనుషుల కోసం విజయవాడ దగ్గర సూరంపల్లిలోని సీపెట్‌కి (ప్లాస్టిక్స్‌లో శిక్షణ ఇచ్చే కేంద్ర సంస్థ) వెళ్లండి. ప్లాస్టిక్స్‌లో డిప్లొమా చేసిన పిల్లలు దొరుకుతారు. టేప్ లైన్‌కి మంచి ఆపరేటర్ ఒక్కడుంటే వేస్టేజీ ఎంత తగ్గుతుందో మొదటి నెలలోనే తెలుస్తుంది. మీరు ఎన్ని లూమ్స్‌తో మొదలుపెడదామనుకుంటున్నారో, కరెంటు లోడ్ ఎంత తీసుకుంటున్నారో కామెంట్‌లో రాయండి. వర్కింగ్ క్యాపిటల్ ఎంత కావాలో లెక్క కట్టి చెప్తాను.