సామ్రాజ్యాన్ని కూల్చేముందు

తిరుపతి

పాపా,

నువ్వు పంపిన అధ్యాయాలన్నీ చదివాను. 1915 ఎండాకాలానికే ఆస్ట్రియా-హంగేరీ కూలిపోయి ఉంటే మొదటి ప్రపంచ యుద్ధం ఎటు తిరిగేదన్న ఊహ నాకు చాలా నచ్చింది, కానీ నువ్వు కూల్చిన తీరును మాత్రం ఒప్పుకోను. జనవరిలో ఫ్రాంజ్ జోసెఫ్ చక్రవర్తిని చంపేసి, ఆ వారంలోనే దేశం ముక్కలైనట్టు రాశావు. రాజు పోయినంత మాత్రాన రాజ్యం పోదమ్మా. మన చిత్తూరు పక్కనే, నరసింగరాయనిపేట దగ్గర దండులో 1782 డిసెంబర్ 7న హైదర్ అలీ చనిపోయాడు. ఇంగ్లీషువాళ్లతో యుద్ధం జరుగుతోంది, కొడుకు టిప్పు ఎక్కడో మలబారు వైపున్నాడు. అయినా సర్దార్లు చావు కబురు పొక్కనీయకుండా, శవాన్ని ఖజానా పెట్టెలా పంపించేసి, టిప్పు వచ్చేదాకా సైన్యాన్ని నిలబెట్టారు. ఫ్రాంజ్ జోసెఫ్ నిజంగా పోయింది 1916 నవంబర్‌లో, ఆ తర్వాత కూడా ఆ రాజ్యం దాదాపు రెండేళ్లు నడిచింది.

కాబట్టి అప్పటికే పగులు ఉన్నచోట చెయ్యి పెట్టు. ఆ రాజ్యపు సిపాయిలు మాట్లాడే రకరకాల భాషలు వచ్చిన పాత ఆఫీసర్లు 1914లోనే గలీషియాలో, అంటే రష్యా సరిహద్దున ఉన్న ఆస్ట్రియా ప్రాంతంలో, చాలామంది చచ్చిపోయారు. గలీషియా పోవడంతో ధాన్యం పోయింది, హంగేరీ తన గింజలు తనకే అంది, ఏప్రిల్‌కల్లా వియన్నాలో రొట్టెకు రేషన్ కార్డులొచ్చాయి. మార్చి 22న గలీషియాలోని ప్షెమిషల్ కోటలో దాదాపు 1,20,000 మంది రష్యాకు లొంగిపోయారు, ఏప్రిల్ మొదట్లో ప్రాగ్ 28వ రెజిమెంట్‌లో చాలామంది శత్రువుకు చిక్కితే ఆ రెజిమెంట్‌నే రద్దు చేశారు. ఇంత జరిగినా అది ఎందుకు నిలబడింది? మే 2న గలీషియాలోనే గోర్లిత్సె ఊరి దగ్గర జర్మన్లు వచ్చి ఆదుకున్నారు గనక. నీ మలుపు అక్కడుంది. జర్మన్ సైన్యాధిపతి ఫాల్కెన్‌హైన్ ఆ సైన్యాన్ని ఫ్రాన్స్ వైపే ఉంచేశాడని రాయి, ఇంకేమీ మార్చొద్దు, మిగతావి దాని వెనకాల వాటంతటవే రావాలి.

అట్లాగని రష్యావాళ్లను వియన్నాదాకా పరుగెత్తించకు, వాళ్ల ఫిరంగులకే గుండ్లు లేవు. కార్పాతియన్ కొండలు దాటి వస్తారన్న భయంతో బుడాపెస్ట్ విడిగా సంధి అడిగితే చాలు, నమ్మేట్టు ఉంటుంది.

ఇక నీ కథలోని మన చంద్రగిరి అబ్బాయి. వాడిని సిపాయిగా మెసపొటేమియా, అంటే ఇప్పటి ఇరాక్, పంపావు, మంచి ఆలోచన. ఆస్ట్రియా లేకపోతే బల్గేరియా జర్మనీతో కలవడానికి జంకుతుంది, సెర్బియా పడదు, జర్మనీ నుంచి దాని జతగాడు టర్కీ రాజధాని ఇస్తాంబుల్‌కు రైలుదారి తెరుచుకోదు. అప్పుడు 1916 ఏప్రిల్ 29న మెసపొటేమియాలోని కూత్‌లో మన సిపాయిలు టర్కీవాళ్లకు లొంగిపోవడం జరుగుతుందా? నీ కథకు ప్రాణం ఇదే, దీన్ని రెండు పేరాల్లో దాటేశావు, నాకు బాధేసింది. ఇంకోటి, వాడి తల్లికి వియన్నా ఊసే తెలియదు, ఆమెకు యుద్ధమంటే 1914 సెప్టెంబర్‌లో మద్రాసు మీద గుండ్లేసిన జర్మన్ యుద్ధనౌక ఎమ్డెన్. ఆమె నోట రాజకీయం పలికించకు, కొడుకు దగ్గర్నుంచి ఉత్తరం రాలేదన్న టెన్షన్ ఒక్కటి చాలు.

ముందు మే నెల అధ్యాయం తిరగరాయి. దసరాకు వచ్చేటప్పుడు తీసుకురా, అట్లాసు ముందేసుకుని రైలుదారులు ఇద్దరం కలిసి చూద్దాం.

ఇట్లు,
పెద్దమ్మ