గాలింపులో పోలీసులు తలుపు కొడితే: వారంట్ లేకుండా ఎంతవరకు రావచ్చు?

నిందితుడు మీ వీధిలోనే దాక్కున్నాడంటూ పోలీసులు ఇంటింటికీ తిరుగుతుంటే, వారంట్ లేకపోయినా లోపలికి రానివ్వాలా అని అడిగారు. అమెరికా చట్టం వరకు చెప్తాను.

2013 ఏప్రిల్ 19న బోస్టన్ మారథాన్ పేలుళ్ల నిందితుడి కోసం ఆ ఊరి పక్కనే ఉన్న వాటర్‌టౌన్‌లో సుమారు 20 బ్లాకులు గాలించారు. అలా పేటంతటికీ గంపగుత్తగా అనుమతినిచ్చే చట్టమేదీ లేదు. అకారణ సోదాల నుంచి కాపాడే అమెరికా రాజ్యాంగ నాలుగో సవరణ ప్రకారం ఏ ఇంటి లెక్క ఆ ఇంటిదే. నిందితుడు మీ గుమ్మంలోకి దూరడం చూసి తరుముకొస్తే వారంట్ అక్కర్లేదు, 1967 నాటి సుప్రీంకోర్టు తీర్పు వార్డెన్ వర్సెస్ హేడెన్ నుంచీ అంతే. "ఈ చుట్టుపక్కలే ఉన్నాడు" అన్నది మాత్రం మీ ఇంటికి కారణం కాదు. వాడి పేరిట అరెస్టు వారంట్ చూపించినా, అదొక్కటే మీ ఇంటికి చాలదు (స్టీగాల్డ్ తీర్పు, 1981). అన్నట్టు, వాటర్‌టౌన్‌లో వాడు ఒక పెరట్లో కప్పి ఉంచిన పడవలో దొరికాడు. ముందు చూసింది ఆ ఇంటాయనే.

చాలామంది దెబ్బతినేది ఒప్పుకోలు దగ్గర. "ఒకసారి చూడొచ్చా?" అంటే తలూపి పక్కకి జరిగినా అది కన్సెంటే అంటారు. కాదనే హక్కు మీకుందని వాళ్లు చెప్పక్కర్లేదు. చేతులు కనబడేలా ఉంచి, నెమ్మదిగా, "ఐ డు నాట్ కన్సెంట్ టు ఎ సెర్చ్" (సోదాకి నేను ఒప్పుకోను) అనండి. బాడీ కెమెరాలో ఆ మాట పడాలి. అయినా వస్తే అడ్డుపడొద్దు. చెయ్యి తగిలిందా, కేసు మీ మీదికే తిరుగుతుంది.

వాళ్లు వెతికేది మనిషిని. మంచం కింద, క్లాజెట్, గరాజ్ చూస్తే సరే. వంటింటి సొరుగులో మనిషి పట్టడు. అరిజోనా వర్సెస్ హిక్స్ (1987)లో, తూటా పేలిందని వెళ్లిన పోలీసు సీరియల్ నంబరు కోసం స్టీరియోని కాస్త కదిపాడు. ఆ కదపడమే వేరే సోదా అంది సుప్రీంకోర్టు. బల్ల మీద ఎదురుగా కనిపించే నిషిద్ధ వస్తువుని మాత్రం పట్టుకెళ్లొచ్చు.

వెళ్లిపోయాక వెంటనే సర్దెయ్యకండి. తెరిచిన సొరుగులు, విరిగిన గొళ్లెం ఫోటోలు తీసి, టైము, బ్యాడ్జి నంబర్లు, ఏ ఏజెన్సీయో రాసుకోండి. గాలింపులో చాలా ఏజెన్సీలు కలిసి తిరుగుతాయి. ఏ ఏజెన్సీయో ఎందుకంటే, హక్కులు కాలరాసిన రాష్ట్ర, స్థానిక పోలీసుల మీద వేసే సెక్షన్ 1983 దావా మామూలుగా ఎఫ్‌బీఐ లాంటి ఫెడరల్ ఏజెంట్ల మీద నడవదు. ఆస్తి నష్టానికి పరిహారం కోరుతూ ప్రభుత్వానికి నోటీసు ఇచ్చే గడువు మసాచుసెట్స్‌లో 2 ఏళ్లు, కాలిఫోర్నియాలో సామాన్ల నష్టానికైతే 6 నెలలే.