చెల్లెలు కేసు వద్దంటోంది

ప్రశ్న: మా చెల్లెలికి పెళ్లై ఆరేళ్లయింది, నాలుగేళ్ల బాబు ఉన్నాడు. సంక్రాంతికి వచ్చినప్పుడు జడ వేస్తుంటే చెవి వెనక కమిలిన మచ్చ కనిపించింది. తలుపు తగిలిందని చెప్పి, చివరికి భర్త కొడుతున్నాడని ఒప్పుకుంది. పోలీసులకు చెబుదామంటే ‘నా మీద ఒట్టక్కా’ అని ఏడ్చింది. తనకు తెలియకుండా నేనే ఫిర్యాదు చేయవచ్చా?

జవాబు: ప్రాణానికి ముప్పు ఉందనిపించిన క్షణంలో ఒట్టు సంగతి మరిచిపోయి అత్యవసర నంబరు 112కు ఫోన్ చేయండి. అంతవరకు ఆమెకు తెలియకుండా ఏమీ చేయవద్దు.

ఆమెది పిరికితనం అనుకోకండి. కేసు పెట్టిన రాత్రి ఎక్కడ పడుకోవాలి, బాబు బడి ఫీజు ఎవరు కట్టాలి, స్టేషన్‌లో ఇద్దరినీ కూర్చోబెట్టి సర్దుకుపొమ్మని పంపిస్తే ఆ ఇంటి తలుపు మూసుకున్నాక ఏం జరుగుతుంది అన్న లెక్కలన్నీ ఆమె ఎప్పుడో వేసుకుని ఉంటుంది. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం శారీరక లేదా లైంగిక హింసకు గురైన మహిళల్లో 77 శాతం మంది ఎవరి సాయమూ కోరలేదు, ఎవరికీ చెప్పుకోనూ లేదు. మీ చెల్లెలు మీకు చెప్పింది. ఆ నమ్మకం పోతే ఈసారి దెబ్బ తగిలినా మీ దాకా రాదు.

కేసంటే భర్తను జైలుకు పంపడమేనని ఆమె అనుకుంటూ ఉండవచ్చు. కానీ 2005 నాటి గృహహింస చట్టం కింద, ఇలాంటి మహిళలకు సాయపడేందుకు ప్రభుత్వం నియమించే రక్షణాధికారి ద్వారా గానీ నేరుగా గానీ మేజిస్ట్రేటుకు దరఖాస్తు చేసుకుని, కొట్టకూడదన్న ఉత్తర్వును, అదే ఇంట్లో ఉండే హక్కును, తనకూ బాబుకూ ఖర్చులను కోరవచ్చు. మొదటి విచారణ సాధారణంగా మూడు రోజుల్లో జరగాలని చట్టం చెబుతున్నా ఆచరణలో ఆలస్యమవుతుంది; ఆ మాట ఆమెకు ముందే చెప్పండి. మహిళా హెల్ప్‌లైన్ 181కి ఫోన్ చేసినా, హింసకు గురైన మహిళలకు సాయం చేసే జిల్లాలోని సఖి కేంద్రానికి వెళ్లినా దారి చూపుతారు.

ఈలోగా మచ్చలకు తేదీతో ఫొటోలు తీసుకోవాలి. ఆసుపత్రికి వెళితే జారిపడ్డానని చెప్పవద్దనండి, ఎందుకంటే డాక్టరు అదే రాస్తారు. ఆధార్, బాబు జనన ధ్రువపత్రం నకళ్లు మీ బీరువాలో పెట్టండి.

అతను ఇంట్లో లేని వేళ ఫోన్ చేసి, కేసు పెడితే దేనికి భయమో నెమ్మదిగా అడగండి. ఎక్కడికి వెళ్లాలన్నదే ఆమె భయమైతే, ముందుగా మీ ఇంట్లో వాళ్లతో మాట్లాడి ఉంచుకుని, తనకూ బాబుకూ మీ ఇంట్లో ఒక గది ఉందని, ఎన్నాళ్లైనా ఉండవచ్చని చెప్పండి.